బాపు ఈత, పూరీ సముద్రం

మా బాపుకు వచ్చినంత బాగా ఈత యాకుత్‌పురాలో ఇంకెవరికీ రాదని మా బస్తీలో ఒక మాట ఉండేది. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు. బాపు మాత్రం దాన్ని ఎన్నడూ కాదనలేదు. స్టేషన్ దాటాక, రైలు కట్ట పక్కన ఒక పాత మెట్ల బావి ఉండేది. ఎండాకాలంలో ఆదివారం డ్యూటీ లేకపోతే బాపు పొద్దున్నే అక్కడికి వెళ్ళేవాడు. పైగోడ ఎక్కి, పంచె గోచీ పెట్టి, ఒక్కసారి చుట్టూ చూసి దూకేవాడు. నీళ్ళలో మాయమై, ఇక రాడేమో అని చూసేవాళ్ళు గుసగుసలాడుకునే దాకా లోపలే ఉండి, ఎదురుగోడ దగ్గర తేలేవాడు. మీసాల నుంచి నీళ్ళు కారుతుంటే నవ్వేవాడు.

బస్తీలో చాలామంది మగపిల్లలకు నడుముకు ఖాళీ డబ్బా కట్టి ఈత నేర్పింది ఆయనే. నాకు నేర్పలేదు. ఆడపిల్లలు బావిలో దిగే ఆచారం లేదు. నేను మెట్ల మీద కూర్చుని అందరి బట్టలకూ కాపలా కాసేదాన్ని.

బాపు రైల్వేలో ఫిట్టర్. ఇంట్లో మేము నలుగురం: బాపు, అమ్మ, నేను, నాకన్నా చాలా చిన్నవాడైన తమ్ముడు. నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో బాపు రైల్వే పాసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"ఈసారి పూరీ పోదాం. నీకు జగన్నాథుని చూసినట్టుంటది, నాకు సముద్రం చూసినట్టుంటది" అన్నాడు.

అమ్మకు నీళ్ళంటే నల్లా. అది ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. గొట్టంలో గుర్రుమని గాలి వినిపించగానే బిందెలు పట్టుకుని పరిగెత్తేది. స్నానానికి సగం బకెట్, బట్టలకు ఇంకో సగం, ఆ బట్టలు జాడించిన నీళ్ళు వాకిలి చల్లడానికి. బావినీ చెరువునీ దూరం నుంచి చూడటమే తప్ప ఆమె పాదం మునిగేంత నీళ్ళలో ఎప్పుడూ నిలబడలేదు. అందుకే పూరీ అనగానే గుడి గురించి అడిగింది కానీ సముద్రం గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

అడిగింది పక్కింటి ఖాలా. నేను పిన్నిలా ఖాలా అనేదాన్ని, అమ్మ అక్కలా ఆపా అనేది. ఆమె ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. పెళ్ళికి ముందు ఆమె బొంబాయిలో, సముద్రానికి దగ్గరలో పెరిగింది. మా ప్రయాణం సంగతి తెలియగానే మిషను ఆపి అమ్మను లోపలికి పిలిచింది.

"మీ ఆయనకు చెప్పు. దరియా హై వో. బావులీ అనుకుంటడేమో. సమందర్ సే మజాఖ్ నక్కో" అంది. అది బావి కాదు, సముద్రం, దానితో పరాచికాలు వద్దని.

"ఆయనకు ఈత మస్తు వస్తది గద ఆపా" అంది అమ్మ.

"గదే నాకు ఫికర్. రానోడు ఒడ్డుమీద కూసుంటడు" అని, తర్వాత అమ్మ చీర కొంగు పట్టుకుని చూపించింది. "నువ్వు ఇది కట్టుకొని దిగినవనుకో, కాళ్ళకు సుట్టుకుంటది. నడవరాదు, ఉరకరాదు. నీకు సల్వార్ కమీజ్ కుట్టిస్త."

అమ్మ సిగ్గుతో తల అడ్డంగా ఊపింది. "నలుగురు చూస్తే ఏమంటరు?"

"ఆ నలుగురు ఈడ ఉన్నరు. ఆడ నిన్నెవరు గుర్తుపడ్తరు?"

అమ్మ ఇంకా వద్దంటూనే ఉంది. ఖాలా మాత్రం టేపు తీసి కొలతలు తీసుకుంది. ఊదారంగు పాప్లిన్ బట్టతో అమ్మకు ఒక జత, మిగిలిన బట్టతో నాకు ఒక జత కుట్టి ఇచ్చింది. అమ్మ వాటిని ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా అడుగున, దేవుడికి తీసుకెళ్తున్న కొత్త పంచె కింద దాచింది.

రైళ్ళు మారుతూ, బొగ్గుపొడి కళ్ళలో పడి నలుపుకుంటూ, సద్దిరొట్టెలు తింటూ పూరీ చేరాం. ధర్మశాలలో సామాను పెట్టి బయటికి వచ్చాక ముందు చప్పుడు వినిపించింది. బాపు ఆగి చెవి ఒగ్గాడు.

"దగ్గర్ల ఎక్కడన్న గూడ్స్ బండి పోతున్నదా?" అని అడిగాడు.

సందు మలుపు తిరిగాం. ఎదురుగా సముద్రం ఉంది. ఇళ్ళన్నీ అయిపోయాయి, ఆ తర్వాత ఏమీ లేదు, నీళ్ళే. నేను తమ్ముడి చెయ్యి వదిలేసి నిలబడిపోయాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా, "గిన్ని నీళ్ళా" అంది. ఇంకాసేపటికి మళ్ళీ అదే మాట అంది.

ఒడ్డున అక్కడక్కడా మొనదేలిన తెల్లటోపీలు పెట్టుకున్న మనుషులు నిలబడి ఉన్నారు. గోచీలు, నల్లటి ఒళ్ళు, టోపీ మీద రంగుతో రాసిన నంబరు. యాత్రికులు స్నానానికి దిగినప్పుడు వాళ్ళ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ భద్రంగా ఒడ్డుకు చేర్చడం వాళ్ళ పని. ఎవరైనా కొట్టుకుపోతే వెళ్ళి తెచ్చేదీ వాళ్ళే. అక్కడివాళ్ళు వాళ్ళను నూలియాలు అంటారు. వాళ్ళలో ఒక పెద్దాయన మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. గడ్డం నెరిసింది కానీ చేతులు తాళ్ళు పేనినట్టు ఉన్నాయి.

"ఏటి బాబూ, తెలుగోళ్ళా?" అన్నాడు.

అంత దూరంలో, తెలియని భాష మధ్య తెలుగు వినపడేసరికి బాపు ముఖం వెలిగిపోయింది. ఆ పెద్దాయన తాతలు విశాఖ తీరం నుంచి వలలతో సహా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారట. ఇంట్లో ఇంకా తెలుగే మాట్లాడతారట. మాది హైదరాబాద్ అని చెప్తే, "మీ తెలుగు వింతగా ఉంది గానండి, బాగుంది" అన్నాడు. మాకూ ఆయన తెలుగు అలాగే ఉంది.

"మీకు చెయ్యి పట్టుకునే మడిసి కావాలా బాబూ?"

"నాకెందుకు పెద్దన్నా? నాకు ఈత వస్తది. వీళ్ళను జర చూస్కో" అన్నాడు బాపు.

పెద్దాయన నవ్వి, ఒడ్డు వెంట చెయ్యి చాపి చూపించాడు. కొంచెం దూరంలో ఇసుకలో ఒక వెదురుకర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. "అటేపు మాత్రం దిగకండి. ఇక్కడ జనం ఉన్నకాడ దిగండి" అన్నాడు.

బాపు తల ఊపాడు. పెద్దాయన తమ్ముణ్ణి చంకనెత్తుకున్న అమ్మనూ, నన్నూ మోకాలిలోతు దాకా తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఆ పూట అమ్మ చీరలోనే ఉంది. ఊదారంగు జత ఇంకా ట్రంకుపెట్టె అడుగునే ఉంది.

"అలకి ఈపు సూపించకండమ్మా. ఎప్పుడూ దానేపే సూత్తా ఉండాలి. ఎదురుగా రొమ్ము ఇచ్చి కాదు, పక్కకి తిరిగి కాళ్ళు ఎడంగా పెట్టండి. కాళ్ళ కింద ఇసక జారతాది, కంగారుపడకండి. అడుగు మార్చుకోండి అంతే" అని చెప్తున్నాడు. అల వచ్చి మోకాళ్ళకు తగలగానే అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అది వెనక్కి పోతుంటే భూమే మమ్మల్ని వదిలి పోతున్నట్టు అనిపించి ఇద్దరం ఒకేసారి నవ్వాం.

ఆ సందడిలో బాపు ఎటు వెళ్ళాడో మేం చూడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. జనం ఉన్నచోట అలలు పెద్దగా విరుగుతున్నాయి, ఈత కొట్టే వీలు లేదు. ఎర్రగుడ్డ దగ్గర చూస్తే అల అన్నదే లేదు. బావిలో నీళ్ళలాగా నున్నగా, ప్రశాంతంగా ఉంది. ఈతకు ఇదే మంచి చోటు, ఈత రానివాళ్ళ కోసం ఆ గుడ్డ కట్టి ఉంటారు అనుకున్నాడట.

విజిల్ వినిపించింది. మా పక్కనున్న పెద్దాయన మమ్మల్నిద్దరినీ ఒడ్డుకు లాగేసి పరిగెత్తాడు. అప్పుడు చూశాను. నున్నటి నీళ్ళ మీద బాపు తల. అది చాలా దూరంలో ఉంది. బాపు ఒడ్డువైపే ఈదుతున్నాడు, చేతులు బలంగా పడుతున్నాయి, కానీ తల మాత్రం దగ్గరికి రావడంలేదు. ఇంకా దూరం పోతోంది.

అమ్మ తమ్ముణ్ణి నా చంకలోకి తోసి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇసుకలో పడుతూ లేస్తూ ఉరికింది. నేను వెనకే వెళ్ళాను. ఇద్దరు కుర్ర నూలియాలు లారీ ట్యూబు ఒకటి పట్టుకుని నీళ్ళలోకి దూకారు. పెద్దాయన టోపీ తీసి పక్కకు ఊపుతూ అరుస్తున్నాడు.

"తిన్నగా రాకు బాబో, పక్కలమ్మట ఎల్లు, పక్కలమ్మట!"

ఆ హోరులో బాపుకు ఆ మాట వినిపించిందో లేదో, వినిపించినా అర్థం కాలేదో, తల ఎత్తి చూసి మళ్ళీ ఒడ్డుకే ఈదసాగాడు.

"ఎటు పొమ్మంటున్నవ్? ఏందది?" అని అమ్మ పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపింది.

"పక్కకమ్మా. ఒడ్డుకి రావద్దు. నీటితో పోట్లాడొద్దు, అడ్డంగా పక్కకి ఈదమను."

అమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"బాజుకు! బాజుకు పోవయ్యా, బాజుకు!"

మా ఊళ్ళో బండ్లు తోసేవాళ్ళు, రిక్షావాళ్ళు, నెత్తిన తట్ట ఉన్నవాళ్ళు రోజంతా అరిచే మాట అది. ఆ మాట వింటే మా బస్తీలో ఎవరైనా ఆలోచించకుండానే పక్కకు జరుగుతారు. బాపు కూడా అలాగే జరిగాడు. ఒళ్ళు తిప్పి, ఒడ్డును పక్కన పెట్టుకుని అడ్డంగా ఈదడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన తల దూరం పోవడం ఆగింది. ఇంకాసేపటికి తెల్లటి నురుగులోకి వచ్చింది. కుర్రవాళ్ళు ఆయన చేతికి ట్యూబు అందించారు. పెద్ద అల ఒకటి ముగ్గుర్నీ ఎత్తి ఒడ్డున పోసినట్టుగా దించింది.

బాపు నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ పైకి వచ్చి కూర్చున్నాడు. దగ్గాడు, ఉమ్మాడు. ముక్కు నుంచీ మీసాల నుంచీ ఉప్పునీళ్ళు కారుతున్నాయి. అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూలబడి కొంగుతో ఆయన తల తుడవసాగింది. ఎంతసేపు తుడిచిందంటే చివరికి బాపే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాయిల గోడ దొరుకుతది. ఆడ ఎటు చెయ్యి చాపినా గోడ లేదు" అన్నాడు. చుట్టూ మూగిన యాత్రికులకు తెలుగు రాదు. అమ్మ మాత్రం ఆ మాట విని ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

పెద్దాయన తిడతాడని అనుకున్నాను. ఆయన బాపు ఎదురుగా గొంతుకూర్చుని, "ఈత బాగా వచ్చు బాబూ నీకు. లేకపోతే మా వోళ్ళు వచ్చేదాకా తేలుండేవోడివి కాదు. రేపు పొద్దున్న రా, నా పక్కన కూకో. ఈ నీరు ఏటి సేస్తాదో సూపిస్తాను" అన్నాడు.

అమ్మ ఆ రోజు మధ్యాహ్నం దాకా బాపుతో మాట్లాడలేదు. గుడిలో మాత్రం ఆయన చొక్కా అంచు పట్టుకునే నడిచింది. ప్రసాదం తిన్నాక, ఆకు మడుస్తూ, "మీసాల్ల ఇసుక ఉన్నది, కడుక్కో" అంది. దాంతో మాటలు కలిశాయి.

మర్నాడు బాపు అందరికన్నా ముందే లేచి వెళ్ళి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి ఇద్దరూ ఒక కొబ్బరిపీచు ముక్క పట్టుకుని ఎర్రగుడ్డ దగ్గర నిలబడి ఉన్నారు. పెద్దాయన దాన్ని నున్నటి నీళ్ళలోకి విసిరాడు. అది కాసేపు అక్కడే ఊగి, తర్వాత ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు సముద్రంలోకి పోయింది.

"అల వచ్చి ఇరిగినకాడ నీరు ఒడ్డుకి ఎక్కుతాది. ఎక్కిన నీరు మళ్ళీ ఎల్లాలి కదా. అది ఇలాటి పల్లం ఎతుక్కుని ఎల్తాది. ఆ దారిలో అల ఇరగదు. అందుకే పైకి సాధువులా ఉంటాది" అన్నాడు పెద్దాయన.

బాపుకు ఆ ఆట తెగ నచ్చింది. ఇంకో పీచు ముక్క విసిరాడు. అది పోయాక ఇంకొకటి. నన్ను పిలిచి, "చూడు బిడ్డా, చూడు, నిన్న నేను గిట్లనే పోయిన" అని చెప్పాడు. ఆ చెప్పడంలో ఎంత సంబరమంటే, కొట్టుకుపోయింది ఇంకెవరో అన్నట్టుగా ఉంది. ఆ పూటంతా ఎర్రగుడ్డ వైపు ఎవరు వచ్చినా బాపే ముందు లేచేవాడు. బెంగాలీ కుటుంబం ఒకటి అటు నడుస్తుంటే చేతులు చాచి అడ్డం నిలబడి, "బాజుకు, బాజుకు" అన్నాడు. వాళ్ళు ఏమనుకున్నారో గానీ నమస్కారం పెట్టి బాజుకే వెళ్ళారు. పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. తర్వాత ఆయనా ఒకటి రెండుసార్లు ఆ మాట వాడి చూశాడు.

ఇక అమ్మ సంగతి. ఆ రోజు ఆమె ధర్మశాల గదిలో తలుపు వేసుకుని, ఖాలా కుట్టిన ఊదారంగు జత వేసుకుని, పైన చీర కప్పుకుని వచ్చింది. నీళ్ళ దగ్గరికి వచ్చాక అటూ ఇటూ చూసి చీర తీసి బాపుకు ఇచ్చింది. బాపు ఆమెను ఎగాదిగా చూసి ఏదో అనబోయాడు.

"ఏమన్నవంటే నేనూ గా ఎర్రగుడ్డ దగ్గర దిగుత" అంది అమ్మ. బాపు చీర భుజం మీద వేసుకున్నాడు.

పెద్దాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో నన్ను పట్టుకున్నాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. పెద్ద అల ఒకటి లేచి గోడలా మా ముందు నిలబడింది. "ఇప్పుడు మునగండి" అన్నాడు. ముక్కు మూసుకుని మునిగాం. అల మా తలల మీంచి వెళ్ళిపోయింది. లోపల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత బయట వెలుతురు. తల ఎత్తేసరికి అమ్మ జుట్టు ముడి ఊడి ముఖమంతా పరుచుకుంది. ఆమె దాన్ని తప్పించుకుని నవ్వుతోంది. అది మా ఇంట్లో నేనెప్పుడూ వినని నవ్వు. ఎవరైనా వింటారేమో అన్న అనుమానం అందులో లేదు.

"ఇంకొకటి" అంది.

ఇంకొకటి వచ్చింది. "ఇంకొకటి పెద్దయ్యా" అంది మళ్ళీ. చిన్న అలలు వస్తే వాటి మీద ఎగిరింది, పెద్దవి వస్తే కింద మునిగింది. నల్లా నీళ్ళను గ్లాసులతో కొలిచే మనిషి దోసిళ్ళతో నీళ్ళు తీసి నా మీద చల్లింది, పెద్దాయన మీదా చల్లింది. నాకు వేళ్ళు ముడతలు పడ్డాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమె మాత్రం బయటికి రానంటుంది. ఒడ్డున బాపు చంకలో తమ్ముడితో, భుజం మీద చీరతో, పాదాలు తడవని చోట అటూ ఇటూ నడుస్తున్నాడు.

"ఇగ సాలు, రా" అని పిలిచాడు. "చేయి ఇడువకు పెద్దన్నా" అని ఆయనకు చెప్పాడు. కాసేపు ఆగి, "అలకు ఈపు సూపియ్యకు" అని అమ్మకు చెప్పాడు. నిన్నటి దాకా ఈయనకు ఈ మాటలేవీ తెలియవు.

వెళ్ళేరోజు పెద్దాయన తన ఇంటికి తీసుకెళ్ళి చేపలకూర, అన్నం పెట్టించాడు. ఆయన భార్యా అమ్మా ఒకరి తెలుగును ఒకరు వెక్కిరించుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

యాకుత్‌పురా తిరిగి వచ్చాక బాపు జరిగింది దాచలేదు. స్టేషన్ ఎదుట హోటల్లో ఇరానీ చాయ్ తాగుతూ, తను ఎలా కొట్టుకుపోయాడో, అమ్మ ఎలా అరిచిందో అందరికీ చెప్పాడు. సాసర్లో చాయ్ పోసి, బిస్కట్ ముక్క వేసి ఊది, నీళ్ళు వెనక్కి ఎలా పోతాయో చూపించాడు. మెట్ల బావి దగ్గర కూడా మారాడు. ఒంటరిగా ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. గోడకు ఒక తాడు, దాని చివర గాలి నింపిన ట్యూబు కట్టించాడు. లోపల ఎక్కువసేపు మాయమై అందర్నీ బెదిరించే ఆట మానేశాడు.

ఇదంతా జరుగుతుండగా ఒకరోజు అన్నం వడ్డిస్తూ అమ్మ, "మాకు నేర్పు" అంది.

"ఏంది?"

"ఈత. నాకూ బిడ్డకూ. సముద్రంల ఆ పెద్దయ్య చెయ్యి పట్టుకున్నడు. అన్నిసార్లు పట్టుకునెటోడు ఉంటడా?"

బాపు అన్నం కలుపుతూనే చోటు ఆలోచించడం మొదలుపెట్టాడు. బస్తీ బావిలో కుదరదు. సైదాబాద్ వైపు ఆయన స్నేహితుడి ద్రాక్షతోట ఒకటి ఉంది. అందులో పెద్ద దిగుడుబావి. చుట్టూ తీగల పందిళ్ళు ఉండి బయటికి ఏమీ కనిపించదు. ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాం. మేమిద్దరమే కాదు, సంగతి విన్న ఖాలా కూడా వచ్చింది. ఆమెతో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. బొంబాయిలో అన్నేళ్ళు సముద్రం పక్కనే ఉన్నా ఎన్నడూ పాదం కూడా తడపలేదని ఖాలా అప్పుడు చెప్పింది. వాళ్ళ అబ్బా, అంటే నాన్న, దిగనివ్వలేదట.

అయితే ఒక చిక్కు వచ్చింది. పరాయి ఆడవాళ్ళు తడిబట్టల్లో ఉంటే బాపు అటు చూడకూడదు. చూడకుండా ఈత ఎలా నేర్పాలి? చివరికి ఆయన పైమెట్టు మీద బావికి వీపు తిప్పి, పందిరి వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. నాకు తొందరగానే ఈత పట్టుబడింది కాబట్టి నేను నీళ్ళలో ఉండి ఒక్కొక్కరి సంగతీ కేకేసి చెప్పాలి. ఆయన అటే చూస్తూ ఉపాయం చెప్పాలి.

"ఖాలా మోకాళ్ళు మడుస్తున్నది బాపూ."

"మడువద్దను. గజ్జల కాడి నుంచి కొట్టమను."

"అమ్మ మెడ బిగబట్టింది."

"నీళ్ళ మీద తల పండబెట్టమను. దిండు అనుకొమ్మను."

"భాయ్, నువ్వు తిరుగుతలేవు గద?" అని ఖాలా మధ్యలో అడిగేది.

"ద్రాక్ష గుత్తులు లెక్కపెడ్తున్న ఆపా" అనేవాడు బాపు.

ఎండలు ముదిరి, తోటలో కోతలు అయిపోయే వేళకు అమ్మకు ఈత వచ్చింది. ఆ ఉదయం ఆమె డబ్బా విప్పేసి ఒక్కతే బావి మధ్య దాకా వెళ్ళింది. ఖాలా మెట్టు పట్టుకుని ఏదో దువా చదువుతోంది. నేను చెప్పడం మరిచిపోయి చూస్తున్నాను.

"ఏమైంది? ఎవ్వలూ మాట్లాడరేంది?" అని పైనుంచి బాపు అడిగాడు. గొంతులో కంగారు తెలుస్తోంది కానీ వీపు మాత్రం తిప్పలేదు.

"ఈడనే ఉన్న" అంది అమ్మ, రొప్పుతూ. "పండబెట్టిన తల. మంచిగున్నది."

బాపు పందిరి వైపు చూస్తూనే మెల్లగా చప్పట్లు కొట్టాడు. నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళంతా కూడా కొట్టారు. ఖాలా కూడా కొట్టబోయి, చెయ్యి వదిలేసి మునిగి, దగ్గుతూ లేచి, తన మీద తానే నవ్వుకుంది. ఆ తర్వాత అందరం తడిజుట్లతో పందిరి కింద కూర్చుని ఖాలా డబ్బాలో తెచ్చిన ఖిచిడీ, చింతపండు పులుసు ఖట్టా తిన్నాం. అమ్మ ఆ రోజు అందరికన్నా ఎక్కువ తింది.